హైబ్రిడ్ కారు డిక్కీలో చేపల నీళ్లు: ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా గట్టెక్కింది

ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కొని, థర్మోకోల్ పెట్టెలో ఐసు కొట్టించి డిక్కీలో పడేసుకోవడం విశాఖలో మామూలే. పెట్రోలు కారులో పెట్టె కారితే నాలుగు రోజులు నీచు వాసన, అంతే. మాది స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారుతోనూ నడిచే కారు. హై వోల్టేజ్ బ్యాటరీ డిక్కీ అడుగునే ఉంటుంది. పెట్టె మూల పగిలి ఉప్పునీరు కార్పెట్ కిందికి దిగింది. మర్నాడు డాష్‌బోర్డు మీద హైబ్రిడ్ సిస్టమ్ వార్నింగ్ వచ్చింది. ఒకసారి ఆఫ్ చేశాక మళ్లీ రెడీ లైటు (బండి కదలడానికి సిద్ధమని చూపేది) వెలగలేదు. ఆ తర్వాత నడిచిన కథంతా రిపేరు గురించి కాదు, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్న దాని గురించి.

మీ బండిలో బ్యాటరీ ఎక్కడుందో ముందు తెలుసుకోండి. హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో డిక్కీ వైపు, హోండా సిటీ హైబ్రిడ్‌లో వెనక సీటు వెనకాల, ఇన్నోవా హైక్రాస్‌లో ముందు సీట్ల దగ్గర ఉంటుంది. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరచడానికి ఒక ఫ్యాన్ క్యాబిన్‌లోని గాలినే లాగుతుంది. ఆ గాలి వెళ్లే గ్రిల్ సీటు పక్కనో కిందనో జల్లెడలా కనిపిస్తుంది. దాన్ని మూయొద్దని, అందులో నీళ్లు పడనివ్వొద్దని మాన్యువల్‌లో రాసే ఉంటుంది. పిల్లలు వెనక సీట్లో కొబ్బరినీళ్లు ఒలకబోస్తే అవి ముందు చేరేది అక్కడికే.

మంచినీళ్లు పడితే కొంతవరకు ఆరిపోతాయి. ఉప్పునీరు, సాంబారు, కూల్ డ్రింకు అలా కాదు. నీరు ఆవిరైనా ఉప్పు కనెక్టర్ల మీద పొరలా మిగులుతుంది, గాలిలో తేమను పీల్చుకుని మళ్లీ కరెంటుకు దారి ఇస్తుంది. మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి మధ్యాహ్నం ఎండకి వార్నింగ్ పోవడం, తెల్లారేసరికి మళ్లీ రావడం జరుగుతుంది. పోయింది కదా అని ఊరుకుంటే లోపల రాగి పట్టీలు పచ్చగా చిలుము పట్టడం మొదలవుతుంది. వర్క్‌షాప్ వాళ్లు ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్‌లో సాధారణంగా కనిపించే కోడ్ పీ0ఏఏ6. హై వోల్టేజ్ సర్క్యూట్‌కి, బండి బాడీకి మధ్య ఉండాల్సిన ఇన్సులేషన్ తగ్గిందని దాని అర్థం. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూస్తే మెగా ఓముల్లో ఉండాల్సిన రీడింగ్ కిలో ఓముల్లోకి పడిపోయి ఉంటుంది.

ఈ కొలతలు మీరు తీయకండి. ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లకండి. సర్వీస్ ప్లగ్ (హై వోల్టేజ్ బ్యాటరీని విడదీసే ప్లగ్) పీకాక కూడా ఇన్వర్టర్ కెపాసిటర్లలో చార్జ్ దిగడానికి పది నిమిషాలు ఆగి, 1000 వోల్టుల గ్లవ్స్ వేసుకుని చేసే పని అది. హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, నీళ్లు కొట్టి కడగడం రెండూ నష్టమే. పవర్ ఆఫ్ చేసి, స్మార్ట్ కీని బండికి దూరంగా పెట్టి, ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా పైకెక్కించుకుని వెళ్లే ట్రక్కు) పిలవండి. ముందు చక్రాలు నేలమీద ఉంచి లాగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. గాజువాక వైపు నుంచి వచ్చే మామూలు క్రేన్ల వాళ్లు కొక్కెం తగిలించి లాగేద్దామంటారు, ఒప్పుకోవద్దు.

అసలు మలుపు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసినప్పుడే ఉంది. కారు పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగిన నష్టం) భాగం అగ్ని, దొంగతనం, వరద, తుఫాను లాంటి వాటితో పాటు ‘యాక్సిడెంటల్ ఎక్స్‌టర్నల్ మీన్స్’, అంటే బయటి కారణంతో అనుకోకుండా జరిగిన నష్టాన్నీ కవర్ చేస్తుంది. అదే పాలసీలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కి, అరుగుదలకి మినహాయింపు ఉంది. కాల్ సెంటర్లో “కారు స్టార్ట్ అవ్వట్లేదండి” అంటే అవతలి అమ్మాయి బ్రేక్‌డౌన్ అని రాసేసుకుంటుంది, ఫైలు ఆ పేరుతోనే నడుస్తుంది. నేను చెప్పి, మెయిల్‌లో రాసింది ఇదీ: ఫలానా తేదీన, ఫలానా చోట, డిక్కీలోని పెట్టె పగిలి ఉప్పునీరు హైబ్రిడ్ బ్యాటరీ మీదికి కారింది, దానివల్ల ఇన్సులేషన్ ఫాల్ట్ వచ్చింది. జరిగింది జరిగినట్టే రాశాను, కాకపోతే కారణం ముందు, లక్షణం తర్వాత. వానకి నీరు చేరిందని మార్చి రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్‌కి ఉప్పు మరకలు కనపడకపోవు, అబద్ధం దొరికితే క్లెయిమ్ మొత్తం పోతుంది.

కారు కంపెనీ వారంటీ సంగతి త్వరగా తేలిపోయింది. టయోటా, మారుతి హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి గానీ అది తయారీ లోపానికి. బయటి ద్రవం పడి పాడైతే అందులోకి రాదు. ఇందులో డీలర్‌తో గొడవ పెట్టుకోవడం శుద్ధ దండగ.

సర్వేయర్ వచ్చేదాకా బ్యాటరీ కవర్ విప్పనివ్వలేదు. ఫొటోలు మాత్రం వర్క్‌షాప్‌కి చేరిన రోజే తీశాను: పగిలిన పెట్టె, తడిసిన కార్పెట్ అంచున తెల్లటి ఉప్పు గీత, దాని కింద ఫోమ్, నీరు దిగిన సందు. తడి ఫోమ్ ముక్క ఒకటి కోయించి జిప్ కవర్‌లో పెట్టాను. కోడ్లు చెరిపేయక ముందే స్కాన్ రిపోర్టు, ఫ్రీజ్ ఫ్రేమ్ డేటాతో సహా ప్రింట్ తీయించాలి. ఫాల్ట్ పడినప్పుడు బండి ఏ స్థితిలో ఉందో అందులో ఉంటుంది.

ఇవన్నీ ఎందుకు పనికొచ్చాయంటే, సర్వేయర్ మొదటి అభ్యంతరమే “ఇది పాత తుప్పులా ఉంది, ఒక్కరోజులో వచ్చింది కాదు” అని. వాటితో పాటు అంతకుముందు సర్వీసులో ఇచ్చిన బ్యాటరీ చెక్ రిపోర్టు చూపించాను, అందులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ కాగితం చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. రెండో అభ్యంతరం, పెట్టె అలా పెట్టడం మీ నిర్లక్ష్యమని. మామూలు అజాగ్రత్తకి ఈ పాలసీలో మినహాయింపు లేదు. ఉంటే గోడకి గుద్దిన ఏ బండికీ డబ్బు రాదు. పాలసీ అడిగేది బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త. నష్టం తెలిశాక కూడా నడిపితే, పెరిగిన నష్టం మాత్రం మనదే. ఫ్లాట్‌బెడ్ రసీదు అక్కడ అక్కరకొచ్చింది.

మూడోది కాస్త ఇబ్బంది పెట్టింది. విప్పి చూస్తే సెల్స్ చాలావరకు బాగానే ఉన్నాయి. ఒక చివర వోల్టేజ్ సెన్సింగ్ వైర్లు, కనెక్టర్లు పచ్చబడ్డాయి. డీలర్ ఎస్టిమేట్‌లో మొత్తం ప్యాక్ రాశాడు, సర్వేయర్ రిపేరు చాలన్నాడు. తన లెక్కలో సర్వేయర్‌ది న్యాయమే. ఆ భాగం విడిగా సరఫరా కాదని, అసెంబ్లీగానే వస్తుందని పార్ట్ నంబరుతో సహా డీలర్ దగ్గర లెటర్‌హెడ్ మీద రాయించి ఇచ్చాకే ఒప్పుకున్నాడు. సర్వీస్ అడ్వైజర్లు నోటితో ఎన్నైనా చెబుతారు, రాసిమ్మంటే మేనేజర్ లేడంటారు. పట్టుబట్టాలి.

తర్వాత తరుగు, అంటే భాగం పాతబడిందని క్లెయిమ్‌లో కోసేసే సొమ్ము. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు పాలసీలో 50 శాతం తరుగు ఉంది. అది 12 వోల్టుల బ్యాటరీ కాలంలో రాసిన నియమం, ఇప్పుడు హైబ్రిడ్ ప్యాక్‌కీ అదే వేస్తారు. ఉదాహరణకి ప్యాక్ 2,00,000 రూపాయలు అనుకుంటే 1,00,000 మన జేబులోంచి, దాని మీద 1500 సీసీ లోపు బండికి 1,000, ఆ పైన 2,000 కంపల్సరీ డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం). లేబర్‌కి తరుగు లేదు. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ ఉన్నా హైబ్రిడ్ బ్యాటరీకి వర్తిస్తుందా, బ్యాటరీకి విడిగా ఇంకో యాడ్-ఆన్ కొనాలా అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. రెన్యువల్ రోజున ఏజెంట్‌ని మెయిల్‌లో అడగండి.

మీ బండిలో నీళ్లు పోసింది వాషింగ్ సెంటర్ వాళ్లయితే దారి వేరు. 1872 కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ ప్రకారం అప్పగించిన వస్తువుని మామూలు వివేకం గలవాడు తన సొంత వస్తువుని చూసుకున్నట్టు చూసుకోవాలి. బండి ఇచ్చేటప్పుడు డాష్‌బోర్డు ఫొటో, తీసుకునేటప్పుడు ఇంకో ఫొటో తీసి, వార్నింగ్ ఉంటే అక్కడే జాబ్ కార్డు మీద రాయించండి. “ఓనర్ రిస్క్” అని ముద్రించిన చీటీ మీద సంతకం పెడితే రేపు వాళ్లు చూపించేది అదే. ఇన్సూరెన్స్ వాళ్లు మీకు చెల్లించి, ఆ సొమ్ము సెంటర్ నుంచి రాబట్టుకోవచ్చు. కాబట్టి ఈలోగా వాళ్లతో “ఇంక ఏమీ అడగం” అని రాజీ కాగితం రాసుకోవద్దు.

క్లెయిమ్ తిరస్కరిస్తే సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాది లోపు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు. కాదంటే రెండేళ్ల లోపు విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్. నాకు అంతదూరం అవసరం పడలేదు.

చిన్న ఒలకబోతకి, అంటే సీటు ఫోమ్, కార్పెట్ వరకే అయితే, క్లెయిమ్ వేయకండి. ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకి పడి మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది. 50 శాతం దగ్గర ఉన్నవాళ్లు కార్పెట్ విప్పించి ఆరబెట్టించుకోవడానికయ్యే ఖర్చుని, పోయే బోనస్‌ని పక్కపక్కన పెట్టి చూసుకోండి.