వేడి చేసే పని, పీడనం చేసే పని

కళపెళ మరుగుతున్న నీళ్లను స్టవ్ మీద నుంచి అలాగే తెచ్చి ఫిల్టరులో పోస్తే మా ఇంటి డికాక్షన్‌కు ఒక మొరటు చేదు వస్తుంది. స్టవ్ కట్టేసి ఒక నిమిషం ఆగి పోస్తే రాదు. పైగిన్నెలో పొడి ఉబ్బి, ఇత్తడి చిల్లుల గుండా మొదటి నల్లటి బొట్టు దిగే దాకా చూస్తూ కూర్చునే అలవాటున్న నాకు, ఆ నాలుగైదు డిగ్రీల తేడాలో ఏముందన్న ప్రశ్న చాలాకాలం తెగలేదు.

కరిగే సామర్థ్యం ఒక్కటే దీనికి జవాబు కాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 2 గ్రాముల కెఫీన్ కరిగితే, మరిగే నీటిలో 66 గ్రాముల దాకా కరుగుతుంది. అయితే గ్లాసుడు కాఫీలో ఉండే కెఫీన్ గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే కనుక, దానికి చన్నీళ్లైనా చాలు. వేడి అసలు మార్చేది వేగాన్ని. 25 డిగ్రీల వద్ద నీటికి ఉన్న స్నిగ్ధత (పారకుండా అడ్డుపడే చిక్కదనం) 100 డిగ్రీలకు మూడో వంతుకు పడిపోతుంది. అలా పలచబడిన నీరు పొడి రేణువుల్లోకి సులువుగా చొరబడుతుంది, లోపలి అణువులు త్వరగా బయటపడతాయి. పులుపునిచ్చే ఆమ్లాలు ముందే తేలికగా వచ్చేస్తాయి. చేదు, వగరు పదార్థాలు ఆలస్యంగా వస్తాయి, వాటిని తొందరపెట్టేది వేడే.

పీడనానికి మాత్రం లేనిపోని ఖ్యాతి దక్కిందని నా అభిప్రాయం. ఎస్ప్రెస్సో యంత్రంలోని సుమారు 9 బార్ల పీడనం (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత), మెత్తగా ఆడించి గట్టిగా అదిమిన పొడి గుండా నీటిని అర నిమిషంలో తోయడానికే తప్ప కెఫీన్ కరగడాన్ని పెద్దగా మార్చదు. (పైన తేలే నురగ మాత్రం పీడనం చలవే.)

పీడనం చేసే రెండో పని మరుగు స్థానాన్ని జరపడం. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ప్రెజర్ కుక్కర్‌లో ఇంచుమించు 120 దాకా మరగదు. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ మూత బిగించిన పాత్రలో ఎముకలను మెత్తబరిచి సారం తీసింది ఈ సూత్రంతోనే. పీడనం 40 బార్లకు చేరితే నీరు 250 డిగ్రీల వద్ద కూడా ద్రవంగానే నిలుస్తుంది. అప్పుడు దాని స్వభావమే మారిపోతుంది: మామూలుగా 80 దగ్గరుండే డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుదావేశాల మధ్య బలాన్ని ద్రవం ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) 27కు దిగి, మిథనాల్, ఇథనాల్ అనే ఆల్కహాళ్ల విలువల మధ్యకు చేరుతుంది కనుక, మామూలు నీటికి లొంగని నూనెల వంటి పదార్థాలు కూడా అందులో కరగడం మొదలవుతుంది. నీరు ద్రవంగా నిలిచాక పీడనాన్ని ఇంకా పెంచితే ఒరిగేది స్వల్పం.

పైగా అంత వేడిలో నీరు సారం తీయడంతో ఆగదు. తీసిన చక్కెరలనే మాడుస్తుంది. ఇదంతా తెలియని రోజుల్లో, కాఫీ పొడి కలిపిన నీళ్ల గిన్నెను కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్ రానిచ్చాను. నల్లగా, చిక్కగా వచ్చిన ఆ కషాయంలో ఎన్ని పాలు పోసినా చేదు తగ్గలేదు. వాసన మాత్రం ఆవిరితో పాటు బయటికి వచ్చేసి, సాయంత్రం దాకా వంటింట్లోనే ఉంది.