నీళ్ళలోకి దిగకముందే

ఆదివారం రాత్రి, పదిన్నర

ఎండకి మెడంతా కమిలిపోయింది. అయినా ఇవాళ్టి సంగతులు రాసి పెట్టుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు. బావ వాళ్ళ బోటు తీసుకుని టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న లేక్ టెక్సోమా అనే చెరువుకి వెళ్ళొచ్చాం. బావ, అక్క, మేనకోడలు, నేను. గాలి పెద్దగా లేదు, చేపా పడలేదు, మాలో ఎవరికీ ఏమీ కాలేదు. మామూలు ఆదివారమే. కానీ బోట్లని నీళ్ళలోకి దింపే వాలు, అదే ర్యాంపు, దాని దగ్గర నిలబడి చూసినంతసేపూ ఒకటే అనిపించింది. బోటు కష్టాల్లో ఎక్కువ భాగం నీళ్ళలో పుట్టవు, నేల మీదే పుడతాయి. అదీ తెలియక కాదు, తొందరలో.

పొద్దున్నే మెకిన్నీలో, ఇంటి దగ్గర, కారుకి ట్రైలరు తగిలించేటప్పుడు బావ ఎవర్నీ మాట్లాడనివ్వడు. అక్క గుమ్మంలోంచి "ఏమండీ, పెరుగన్నం డబ్బా పెట్టారా?" అంటే చెయ్యెత్తి ఆగమన్నాడు. అక్కకి కోపం వచ్చింది కానీ నేను బావ పక్షమే. కారు వెనక ట్రైలరుని తగిలించే ఇనప గుండు, అంటే హిచ్ బాల్, మామూలుగా 1 7/8 అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు అని మూడు సైజుల్లో దొరుకుతుంది. బాల్ నెత్తి మీద ఒక అంకె, దాని మీద కూర్చునే ట్రైలరు కప్లర్ మీద ఒక అంకె ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. పెద్ద కప్లర్ చిన్న బాల్ మీద కూర్చుంటుంది, గొళ్ళెం పడుతుంది, వీధి చివరిదాకా బుద్ధిగా వస్తుంది కూడా. గట్టి గతుకు తగిలినప్పుడు ఎగిరి ఊడిపోతుంది. అందుకే గొళ్ళెం వేశాక బావ జాకీ తిప్పి ట్రైలరు మూతిని పైకి లేపి చూస్తాడు. కారు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే అప్పుడు నమ్ముతాడు. తర్వాత గొలుసులు. వాటిని ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యాలి. కప్లర్ ఊడినా మూతి రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది.

ఐసు పెట్టె, లంగరు, నీళ్ళ సీసాలు అన్నీ బోటు వెనక సీట్ల దగ్గర సర్ది ఉన్నాయి. నేను వాటిని తీసి కారులో పెట్టాను. ట్రైలరు మొత్తం బరువులో దాదాపు పదో వంతు హిచ్ మీద పడాలి. బరువంతా వెనక చేరితే హైవే మీద ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపు మొదలయ్యాక ఎవరికైనా కాలు బ్రేకు మీదికే పోతుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కితే ఊపు పెరుగుతుంది. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, దానంతట అది నెమ్మదించేదాకా ఓపిక పట్టాలి.

షెర్మన్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. వాళ్ళు కాఫీకి వెళ్తే నేను ట్రైలరు చక్రాల పక్కన గొంతుక్కూర్చున్నాను. చేతి వెనక వైపుతో ఎడమ చక్రం నడిమి భాగాన్ని, అంటే హబ్‌ని, తాకి చూశాను, గోరువెచ్చగా ఉంది. కుడిదీ అంతే. ఒకటి చురుక్కుమని రెండోది మామూలుగా ఉంటే ఆ వేడెక్కినదాని బేరింగుకి నూకలు చెల్లినట్టే. ఫోను లైటు వేసి చక్రం లోపలి వైపు కూడా చూశాను. గ్రీజు చిమ్మిన నల్లటి చారలు లేవు, పొడి దుమ్మే ఉంది. బోటు ట్రైలరు బేరింగులకి మిగతా ట్రైలర్లకి లేని కష్టం ఒకటుంది. హైవే మీద వేడెక్కి వచ్చి నేరుగా చల్లటి నీళ్ళలో మునుగుతాయి. హబ్ లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, అరిగిన సీలు సందుల్లోంచి నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. ఆ నీళ్ళు గ్రీజులో కలిసి, నెలల తరవాత ఎక్కడో నడిరోడ్డు మీద చక్రం పట్టేస్తుంది. కాబట్టి చెరువు చేరగానే ర్యాంపు మీదికి పరుగెత్తకూడదు, పైన పార్కింగులో కాసేపు ఆగి హబ్‌లని చల్లారనివ్వాలి.

ఆ ఆగిన సమయమే తక్కిన పనులకి. వెనక స్ట్రాపులు విప్పడం, బోటు వెనక అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి డ్రెయిన్ ప్లగ్ అనే బిరడా బిగించడం, తాళ్ళు కట్టడం, ట్రైలరు లైట్ల వైరు పీకెయ్యడం, సామాను ఎక్కించడం, అన్నీ పైనే అయిపోవాలి. బోటు మూతిని ట్రైలరుకి పట్టి ఉంచే వించ్ (చేత్తో తిప్పి లాగే చక్రం) స్ట్రాపూ దాని పక్క గొలుసూ మాత్రం బోటు నీళ్ళకి తగిలేదాకా ముట్టుకోకూడదు. పైనే విప్పేస్తే వాలులో బోటు జారి కాంక్రీటు మీద పడుతుంది.

మా ముందు ఒక కుటుంబం. పాపం ఆయన ఒక్కడే అన్నీ చేసుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు అప్పటికే బోటెక్కి కూర్చున్నారు, భార్య ఇంకా సామాను మోస్తోంది. ఆయన ర్యాంపు మీదికి వచ్చాక స్ట్రాపులు విప్పడం మొదలుపెట్టాడు. వెనక నుంచి హారన్లు. ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి అరిచారు కూడా. ఆయన మొహం ఎర్రబడింది, చేతులు వేగం పుంజుకున్నాయి. బోటు ట్రైలరు మీంచి తేలింది. రెండు నిమిషాలయ్యాక చూస్తే బోటు పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ధారగా బయటికి కొడుతున్నాయి. బోటు అడుగున చేరిన నీళ్ళని తోడిపోసే బిల్జ్ పంపు అది. ఇప్పుడే నీళ్ళలోకి దిగిన బోటులో పంపు అలా ఆగకుండా ఎందుకు ఆడుతుంది? వెనక భాగం కూడా అప్పుడే కాస్త కుంగినట్టుంది.

"ప్లగ్ పెట్టారా?" అని గట్టిగా అడిగాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళలో ఉంది. బావ వెంటనే "ముందు పిల్లలు దిగాలి" అన్నాడు. పిల్లల్ని డాక్ మీదికి ఎక్కించాం. ట్రైలరు ఇంకా నీళ్ళలోనే ఉంది కనక బోటుని తాడుతో మళ్ళీ దాని మీదికి లాగాం. ఆయన ఒక్కసారిగా పైకి లాగేయబోతే బావ ఆపాడు. లోపల చేరిన నీళ్ళు లీటరుకి కిలో బరువు. ఆ బరువుతో పైకి లాగితే ఇరుసు మీదా వించ్ మీదా పడుతుంది. బోటు వెనక భాగం నీటి మట్టానికి కాస్త పైకి వచ్చేదాకా లాగి, అక్కడే హ్యాండ్ బ్రేకు వేసి ఆపాం. వచ్చిన దారినే నీళ్ళన్నీ పోయాయి. ప్లగ్ కప్పు పెట్టుకునే గుంటలో దొరికింది.

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. టెక్సాస్‌లో చెరువు వదిలి వెళ్ళేటప్పుడు బోటులో నీళ్ళన్నీ వంచెయ్యాలి, అది చట్టం, 2014 నుంచి రాష్ట్రమంతా అమల్లో ఉంది. కారణం జీబ్రా మసెల్స్ అనే గుల్లలు. రాష్ట్రంలో అవి మొదట బయటపడింది 2009లో, ఇదే టెక్సోమాలో. వాటి పిల్లలు కంటికి కనబడవు, చెంబెడు నీళ్ళలో ఇంకో చెరువుకి వలస వెళ్తాయి. కాబట్టి బోటున్న ప్రతివాడూ ఇంటికెళ్ళేటప్పుడు ప్లగ్ తీసి తీరాలి, మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపెట్టుకుని బిగించాలి. మరవడానికి వీలు పనిలోనే ఉంది. బావ తీసిన ప్లగ్‌ని బోటు తాళంచెవి ఉంగరానికే తగిలిస్తాడు. తాళం కావాలంటే ప్లగ్ చేతికి రావాల్సిందే. నాకు కోపం వచ్చింది ఆ హారన్ కొట్టినవాళ్ళ మీద. ర్యాంపు మీద హారన్ మోగించడం అంటే ఎదుటివాడి చేత ఒక పని మరిపించడమే. దిగి వెళ్ళి ఒక తాడు పట్టుకుంటే ఇద్దరి టైమూ కలిసొస్తుంది.

మా వంతు వచ్చాక వెనక్కి తోలింది నేను. స్టీరింగు కింది భాగం పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలరు అటే వెళ్తుంది. వంకర పోతే ముందుకి లాగి మళ్ళీ మొదలెట్టడమే, వెనక్కి పోతూనే సరిచెయ్యాలని చూస్తే ఇంకా మెలిక పడుతుంది. బావ సైగలు చేస్తూ ఎప్పుడూ నా అద్దంలో కనబడేచోటే నిలబడ్డాడు. కారు దిగేముందు గేరు పార్కులో వేసి, హ్యాండ్ బ్రేకు కూడా లాగాను. నాచు పట్టిన వాలు మీద బండిని గేరు ఒక్కదాని మీద వదలకూడదు.

లైఫ్ జాకెట్ల విషయంలో అక్క మాటకి తిరుగులేదు. మాది రాజమండ్రి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి యాభై మంది దాకా పోయినప్పుడు, ఆ వారమంతా అక్క ఇక్కడినుంచి అమ్మకి ఫోన్ చేస్తూనే ఉంది. పాపికొండలకి మా చుట్టాలందరం అదే దారిలో వెళ్ళొచ్చిన వాళ్ళం. ఇక్కడ చట్టం 26 అడుగుల లోపు బోటు నీళ్ళలో కదులుతున్నప్పుడు 13 ఏళ్ళలోపు పిల్లలే తొడుక్కోవాలంటుంది. పెద్దవాళ్ళకి బోటులో జాకెట్ ఉంటే చాలు. అక్క ఆ తేడా ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటేటా ఇచ్చే బోటు ప్రమాదాల లెక్కల్లో మునిగి చనిపోయినవాళ్ళలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ లేనివాళ్ళే ఉంటున్నారు. సీటు కింద మడిచి పెట్టిన జాకెట్‌ని నీళ్ళలో పడ్డాక వెతికి తొడుక్కోవడం ఎవరి తరమూ కాదు.

మేనకోడలికి తొడిగి, బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను. జాకెట్ చెవుల దాకా లేచింది. పోయినేడాది ముందు చూపుతో పెద్ద సైజు కొన్నారట. నీళ్ళలో అది పైకి తేలిపోతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. పక్క పట్టీలు లాగి బిగించి మళ్ళీ పైకి లాగితే గడ్డం దగ్గర ఆగింది. "మావయ్యా, ఊపిరాడట్లేదు" అంది. రెండు వేళ్ళు దూర్చి చూశాను, పట్టాయి. సరే, సరిపోతుంది.

బావ మోకాలి పైన ఇంజను ఆపే తాడు చుట్టుకున్నాడు. నడిపేవాడు పడిపోతే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోట్లని వేగంగా నడిపేటప్పుడు ఇది అమెరికా అంతటా తప్పనిసరి. పెట్రోలుకి ఒక పాత లెక్క ఉంది, మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ముట్టుకోకుండా. దాన్నీ పాటించాం. నీళ్ళ మీద గడిపిన పొద్దంతా పులిహోర, పెరుగన్నం, కబుర్లు. రాయడానికి అంతకంటే ఏమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు బోటుని ఇంజను జోరుతో ట్రైలరు ఎక్కించకుండా వించ్‌తోనే లాగాం. జోరుగా ఎక్కిస్తే ఆ నీటి తాకిడికి ర్యాంపు చివర గొయ్యి పడుతుంది, ఆ తరవాత వచ్చేవాడి చక్రం అందులో దిగబడుతుంది. బోటు వెనక నీళ్ళలోకి దిగి ఉండే ఇంజను కింది భాగాన్ని పైకెత్తడం, ప్లగ్ తియ్యడం, అడుగున అంటిన నాచు తుడవడం అయ్యాక బయల్దేరాం.

ఇంటి దగ్గర గొట్టంతో కడుగుతున్నప్పుడు ట్రైలరు టైరు పక్క గోడ మీద సన్నటి నెర్రెలు కనబడ్డాయి. డాట్ (DOT) అన్న అక్షరాల తరవాత చివరి నాలుగంకెలు చదివాను, 2219. అంటే 2019లో 22వ వారం తయారీ.

"బావా, ఇది చూడు."

"టైరు మీది గాడులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి కదరా, అరుగుదలే లేదు."

"అరగవు బావా. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటాయి, రబ్బరు వయసుతోనే పోతుంది. స్పేరు కూడా అదే వారానిది."

బావ గొట్టం కింద పెట్టి స్పేరు మీద అంకెలు తనే చదువుకున్నాడు. మూడూ మారుద్దాం అన్నాడు. ట్రైలర్లకే చేసే ఎస్‌టీ గుర్తున్న టైర్లు, బరువు అంకె చూసి, రేపు ఆర్డరు పెడతాడు. అవి వచ్చేదాకా బోటు కదలదు. వచ్చే ఆదివారం టెక్సోమా లేదన్న సంగతి మేనకోడలికి రేపు నేనే చెప్పాలి.