ఎర్రమట్టి దిబ్బల్లో ఆక్సిజన్ కథ

భీమిలి బస్సు దిగి ఎర్రమట్టి దిబ్బల్లోకి నడిచాం, నేనూ మా అక్క కొడుకూ. వాడు ఇంటర్ చదువుతున్నాడు. కాసేపటికే సముద్రం కనుమరుగైపోయింది. వాననీళ్లు కోసేసిన గెడ్డల్లాంటి దారులు, రెండు పక్కలా మనిషెత్తు దాటిన ఎర్రటి గోడలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన వారసత్వ స్థలమిది. అయినా జనం ఎక్కువగా ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నాకది బాధగా ఉంటుంది.

"ఇసుక ఇంత ఎర్రగా ఎందుకుంది పిన్నీ?"

"తుప్పురా. ఇసుకలోని ఖనిజాల ఇనుము ఆక్సిజన్‌తో కలిసి రేణువులకు పూతలా పట్టింది."

ఈ దిబ్బలు వేల ఏళ్లవే, భూమి వయసు ముందు నిన్నమొన్నటివి. ఇదే ఇసుక 250 కోట్ల ఏళ్ల కిందట పడి ఉంటే ఇలా ఎర్రబడేది కాదు. అప్పటి గాలిలో ఆక్సిజన్ నేటిదాంట్లో లక్షో వంతు కూడా లేదు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్‌లో అంతకన్నా పాత నదులు మోసుకొచ్చిన రాళ్లలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం గుండ్రటి రేణువులుగా మిగిలింది. ఇప్పటి నదుల్లో అంత దూరం దొర్లితే అది ఆక్సిజన్ తగిలి పాడైపోతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సయనోబాక్టీరియా, అంటే ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు, వదిలిన ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలయ్యాకే నేల మీద ఎర్రటి రాతి పొరలు విరివిగా కనిపిస్తాయి.

పది దాటేసరికి ఎండ మాడ్చేసింది. ఓజోన్ ఉన్నా ఇంత ఎండేంటని వాడి ప్రశ్న. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ఓజోన్ ఆపేది ఆ కిరణాల్నే. అవి పైన ఆక్సిజన్ అణువును రెండుగా చీలుస్తాయి. విడిపోయిన పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్. తలపైనున్న ఓజోన్ మొత్తాన్నీ నేల మీద పీడనానికి తెచ్చి పరిస్తే మందం 3 మిల్లీమీటర్లే! ఆక్సిజన్ అనగానే మనకు ఊపిరి గుర్తొస్తుంది గానీ, నేల మీద బతుకుకి అది ముందు చేసిన మేలు ఈ కప్పు వేయడమేనని నా నమ్మకం. అంతకుముందు జీవులకు నీళ్లూ బురదే చాటు.

నేటి ఆక్సిజన్‌లో నూరో వంతున్నా ఈ కప్పు చాలావరకు ఏర్పడుతుందని లెక్కలు చెబుతాయి. మరి మొక్కలు నేలకెక్కడానికి 47 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఎందుకు పట్టింది?

దీనికి ఈమధ్య వచ్చిన ఒక వాదన భీమిలి ఒడ్డున, పోటు తగ్గాక బయటపడ్డ నాచు పట్టిన రాళ్ల దగ్గర చెప్పాను. సముద్రంలో అయోడిన్ ఉంటుంది, కొంత అయోడైడ్ అనే కరిగిన రూపంలో. గాలిలోని ఓజోన్ నీటిని తాకితే అయోడైడ్‌తో చర్య జరిగి, అయోడిన్ గాలిలోకి లేస్తుంది. అది మళ్లీ మళ్లీ ఓజోన్‌ను తినేస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న ప్రాచీన సముద్రాల్లో అయోడైడ్ ఎక్కువ. అందుకే ఓజోన్ పొర సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి దాకా స్థిరపడలేదని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. ఇంకా తేలని మాటే. కానీ ఆక్సిజన్ రాగానే అంతా చక్కబడిందనే పాఠాల కథ కన్నా ఇదే నాకు సబబుగా తోస్తుంది.

సాయంత్రం విశాఖ పోర్టు వైపు వెళ్తుంటే ఖనిజం వ్యాగన్లు కనిపించాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుము కొత్తవలస–కిరండూల్ రైలు లైన్లో ఇక్కడికొస్తుంది. వందల కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ లేని సముద్రంలో కరిగి ఉన్న ఇనుము ఆక్సీకరణం చెంది పొరలుగా అడుగున పేరుకుంది. తొలి ఆక్సిజన్ గాలికి చేరకుండా చాలాకాలం పట్టి ఉంచినవాటిలో ఇదొకటి.

"వేరే గ్రహం మీద జీవముందో లేదో ఆక్సిజన్ చూసి చెప్పొచ్చా పిన్నీ?"

మంచి ప్రశ్న. ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలయ్యాక కూడా, వంద కోట్ల ఏళ్లకు పైగా, భూమి మీద అది చాలా తక్కువే ఉండేది. దూరం నుంచి చూసేవారికి అది దొరక్కపోవచ్చు. ఓజోన్ మాత్రం కొంచెమున్నా అతినీలలోహిత కాంతిలో గట్టి గుర్తు వదులుతుంది. అందుకే అలాంటి గ్రహాల మీద ముందు ఓజోన్ కోసం వెతకాలన్నాను. ఆ గుర్తు పట్టాలంటే టెలిస్కోప్ అంతరిక్షంలోనే ఉండాలి, ఎందుకంటే ఆ కాంతిని కింద మన ఓజోనే ఆపేస్తుంది.