లాంగ్‌టర్మ్‌కి ముందు వేసుకోవాల్సిన లెక్క

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటర్ ఫలితాలొస్తే చాలు, ‘లాంగ్‌టర్మ్ (ఇంటర్ తర్వాత మళ్లీ ఎంట్రన్స్ రాయడానికి ఇంకో ఏడాది కోచింగ్) పంపుదామా?’ అన్న చర్చ మొదలవుతుంది. మెడిసిన్ ఎంట్రన్స్ నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఐఐటీల ఎంట్రన్స్ జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి మాత్రం వరుసగా రెండేళ్లలో రెండు ఛాన్సులే.

ఇలా మళ్లీ రాయనివ్వడం న్యాయమేనా? రూలు అందరికీ ఒకటే, ఖర్చు ఒకటి కాదు. పాతపట్నం రైతుకి ఇంకో ఏడాది హాస్టల్ ఫీజంటే అప్పే. ఆ తేడా ర్యాంకు కార్డులో కనపడదు. అలాగని రెండోసారి రాసేవాళ్లని తప్పుపట్టడమూ సరికాదు, తప్పు సీట్ల కొరతది.

వెళ్లాలనుకుంటే ముందు పాత ఓఎంఆర్ (జవాబుల గడులు దిద్దే షీటు) కాపీ, ఆన్సర్ కీ పక్కపక్కన పెట్టుకోండి. తప్పుల్ని మూడు కుప్పలు చెయ్యండి: అసలు తెలియనివి, తెలిసీ తప్పినవి, గుడ్డిగా దిద్దినవి. నీట్‌లో తప్పు జవాబుకి పోయేది ఒక్క మార్కు అనుకుంటారు. రావాల్సిన నాలుగుతో కలిపితే అయిదు. తెలిసీ తప్పినవి 20 ఉంటే 100 మార్కులు అక్కడే పోయాయి. వాటికి కొత్త మెటీరియల్ కొన్నా లాభం లేదు. 47వ ప్రశ్న వదిలేసి 48 జవాబుని 47 గడిలో దిద్దడం లాంటి పొరపాట్లు అందులోవే. పేజీ అయ్యాక నంబరు సరిచూసుకోవడమే మందు.

నీట్ మొత్తం 720 మార్కుల్లో 360 బయాలజీవే. మాక్ టెస్టు మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, పెన్నుతోనే రాయండి. అసలు పరీక్షా అప్పుడే, మే ఎండలో, భోజనం మత్తులో.