నల్గొండల ఉంటున్నవ్ గదా, జీతం తగ్గిస్తం అన్నరు – నా అనుభవం

2024 అప్రైజల్ టైమ్ల మా కంపెనీ కొత్త పాలసీ తెచ్చింది. హైదరాబాద్ రాయదుర్గం ఆఫీసుకు వచ్చేటోళ్లకు పాత జీతమే, పర్మనెంట్‌గా ఇంటి నుంచే చేస్తమనేటోళ్లకు 15% కోత, దానికి లొకేషన్ బ్యాండ్, అంటే ఉండే ఊరిని బట్టి జీతం, అని పేరు. కరోనాల నల్గొండకొచ్చి ఇక్కడ్నే ఉండిపోయినోళ్లల్ల నేనొకన్ని. అమ్మానాయినలను ఇడిసిపెట్టి మళ్లీ హైదరాబాద్‌ల రూమ్ తీసుకునే పరిస్థితి లేదు, ఇక సంతకం పెట్టుడే అనుకున్నరు మావోళ్లంతా. నేనైతే పెట్టలే, ముందుగాల లెటర్ మొత్తం సదివిన.

మా మేనేజర్ సార్‌తోని ఫస్ట్ కాల్ల ఆయన అన్న మాట ఒక్కటే, "నీకు అక్కడ ఖర్చేముంది చెప్పు". సార్, మా దగ్గర చౌక అంటే సీజన్ల బత్తాయిలు తప్ప ఇంకేం లేవు అన్న నవ్వుకుంట. నిజమే గదా, పెట్రోల్ అదే రేటు, పిల్లల ఫీజులు తక్కువేం లేవు, నాయినకు పెద్ద టెస్ట్ రాస్తే మళ్లీ హైదరాబాదే పోవాలె, పైకెళ్లి ఒకటి పోతే ఇంకోటి ఉండాలె అని రెండు నెట్ కనెక్షన్లు, ఇన్వర్టర్, ఎండాకాలం మా నల్గొండ ఎండకు పొద్దంత ఏసీ, ఇవన్నీ నా జేబులకెళ్లే. ఆఫీసుల కూసునేటోనికి నెట్, కరెంట్, ఏసీ కంపెనీయే పెడుతది. అయితే రెంటు లేదు గదా అన్నడు సార్. లేదు, ఒప్పుకున్న. కానీ మా టీంలనే ఉప్పల్ల సొంత ఫ్లాట్ ఉన్న అన్న ఒకాయన ఉన్నడు, ఆయనకూ రెంటు లేదు, మరి ఆయన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి అలవెన్స్) ఎందుకు కోస్తలేరు? దీనికి సార్ దగ్గర జవాబు లేదు, హెచ్‌ఆర్‌తోని మాట్లాడు అని పెట్టేసిండు.

హెచ్‌ఆర్ మేడమ్ ఇంకో లైన్ల వచ్చింది, పెద్ద పెద్ద కంపెనీలే చేస్తున్నయ్ అని. చేసినయ్, అబద్ధం కాదు. 2020 మేలనే ఫేస్‌బుక్ చెప్పింది, ఊరు మారితే ఆ ఊరి లెక్కన జీతం అని. గూగుల్ 2021ల ఏకంగా ఒక టూలే పెట్టింది, యే ఊరికి పోతే ఎంత తగ్గుతదో ముందే సూసుకునేతందుకు. కానీ అదే 2020ల రెడ్డిట్ మాత్రం అమెరికాల ఎక్కడ ఉన్నా ఒకటే జీతం అన్నది, ఆ మాట ఎవ్వరూ ఎత్తరు. పైగా గూగుల్ అసొంటోళ్లు సూసేది ఆ ఊర్ల బియ్యం రేటు కాదు, ఆ ఊర్ల అదే పనికి మార్కెట్ల ఎంత ఇస్తున్నరు అని. నల్గొండల 2023ల ఐటీ టవర్ అయితే ఓపెన్ చేసిండ్రు గానీ నా పనికి ఇక్కడ సెపరేట్ మార్కెట్ అంటూ ఏముంది, నాకు రిక్రూటర్లు ఫోన్ చేస్తే హైదరాబాద్ రేటే చెప్తరు, అది కూడా రిమోటే. ఇదే మేడమ్‌కు మెయిల్ల రాసిన.

అసలు కథ సాలరీ బ్రేకప్ల, అంటే జీతంల ఏ లైన్ ఎంత అనే లెక్కల ఉంది, ఇది అందరు సూడాలె. నా గ్రాస్ (పీఎఫ్, టాక్స్ తీయకముందు మొత్తం జీతం) నెలకు 80,000. బేసిక్ (అసలు జీతం) 40,000, హెచ్‌ఆర్‌ఏ 16,000, ట్రాన్స్‌పోర్ట్ 4,000, మిగిలిన 20,000 స్పెషల్ అలవెన్స్. కొత్త లెటర్ల వీళ్లు అన్ని లైన్ల మీద 15% కోసిండ్రు, అంటే బేసిక్ 34,000 అయితది. చేతికి వచ్చేది తగ్గుడు ఒక ఎత్తు, మాకు పీఎఫ్ (రిటైర్‌మెంట్ కోసం నెలనెలా దాచే పైసలు) ఫుల్ బేసిక్ మీద 12% కడతరు, నాది కంపెనీది కలిపి నెలకు 1,440 అక్కడ కూడా పోతది. ఇక గ్రాట్యుటీ, అంటే నౌకరీ మానేసినప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే పైసలు, 2024ల ఉన్న రూల్ల లాస్ట్ బేసిక్ మీద లెక్క, ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 రోజులు పట్టుకొని. 40,000 మీద ఏడాదికి 23,076 వస్తే 34,000 మీద 19,615. దీంట్ల మెలిక ఏందంటే నా సర్వీసు ఏడేండ్లు, రేపు మానేస్తే ఆ ఏడేండ్లకూ కొత్త బేసిక్ మీదనే లెక్కగడతరు, అంటే నేను రాయదుర్గంల కూసొని చేసిన ఏండ్లకు కూడా కోత పడ్డట్టే, 24 వేల పైన. నల్గొండల ఉన్నందుకు కోస్తున్నం అన్నప్పుడు హైదరాబాద్‌ల ఉన్న ఏండ్లది ఎట్ల కోస్తరు?

ఇది ఎక్సెల్ల పెట్టి పంపిన. కొట్లాడినట్టు కాకుండ, నేనే ఒక లెక్క రాసిన: ట్రాన్స్‌పోర్ట్ తీసెయ్యుండ్రి, నేను ఆఫీసుకు వస్తలేను కాబట్టి అది న్యాయమే. మియాపూర్‌కెళ్లి మెట్రోల నిలబడి పోయేటోనికి, ఇంట్ల కూసున్న నాకు అదొక్కటి సమానంగ ఇయ్యమంటే నాకే సిగ్గు. హెచ్‌ఆర్‌ఏ కొంచెం తగ్గియ్యుండ్రి. బేసిక్ జోలికి మాత్రం రావద్దు, అది పనికిచ్చేది, రాత్రి రెండింటికి సర్వర్ పడితే లేచేది నేనే, అప్పుడు ఏ ఊరికెళ్లి లేచిన అని క్లయింట్ అడగడు.

రిప్లై రానీకె చాలా టైమ్ పట్టింది, నడుమల నడుమల మేడమ్ ఫోన్ చేసి "ఇంకా సంతకం పెట్టలేదేంటి" అని అడుగుడు, నేను మెయిల్ల జవాబియ్యుండ్రి మేడమ్ అనుడు. ఫోన్ల ఎంత మంచిగ మాట్లాడినా కాయితం మీద లేకపోతే లేనట్టే, అందుకే ప్రతి కాల్ అయినంక మనం మాట్లాడుకున్నది ఇది అని ఒక మెయిల్ పెట్టిన.

ఆఖరికి ట్రాన్స్‌పోర్ట్ మొత్తం పోయింది, హెచ్‌ఆర్‌ఏ 12,000 చేసిండ్రు, బేసిక్ ముట్టుకోలే. 12,000 పోవాల్సిన కాడ 8,000 పోయినయ్. సంతోషమా అంటే కాదు, ఉప్పల్ అన్నకు రూపాయి పోలే. ఇంకొకటి కూడా రాయించుకున్న, మూడు నెలలకోసారి ఆఫీసుకు రావాలె అని కూడా అన్నరు, ఆ రోజు నల్గొండ నుంచి ఎల్‌బీ నగర్ బస్సు, అక్కడికెళ్లి అమీర్‌పేట్ల మారి రాయదుర్గం మెట్రో, ఆ చార్జీలు కంపెనీయే ఇస్తది.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలే, వచ్చే ఇంక్రిమెంట్ పర్సంటేజీ పాత గ్రాస్ మీదనా కొత్త దాని మీదనా అని. మెయిల్ పెట్టి ఉన్న. దేవరకొండల ఉండే మా దోస్తుకు కూడా వాళ్ల కంపెనీల ఇసొంటి లెటరే వచ్చిందట, నా ఎక్సెల్ పంపిన, సంతకం పెట్టకముందు బేసిక్ లైన్ సూడురా అని చెప్పిన, వాళ్లదాంట్ల పీఎఫ్ 15,000 సీలింగ్ మీదనే ఉంది, అంటే బేసిక్ అంతకన్న ఎక్కువున్నా 15,000 మీదనే కడతరు, కాబట్టి ఆ లైన్ల వానికి ఫరక్ లేదు గానీ గ్రాట్యుటీ కాడ మాత్రం నా లెక్కే వానిది కూడా.