వేలు దూరే వల

జామచెట్టుకి వల కప్పింది నేనే. రోజూ పొద్దున లేచేసరికి చెట్టు కింద పిప్పి ఉండలు, సగం కొరికిన కాయలు. నాలుగో రోజు పెద్ద కళ్ల నైలాన్ వల తెచ్చి వదులుగా కప్పేశాను.

మర్నాడు తెల్లవారుతుండగా చూస్తే అందులో గబ్బిలం. నక్క మొహం, తేనెరంగు కళ్లు. దారం రెక్కపొరలోకి కోసుకుపోయింది. వల కొరికీ కొరికీ మూతంతా నెత్తురు. దగ్గరికెళ్లాకగానీ పిల్ల కనపడలేదు. తల్లి చంకలో చనుమొన కరుచుకుని, బొచ్చులో గోళ్లు దింపి వేలాడుతోంది.

లాగేద్దామన్నంత ఆత్రం వచ్చింది. గబ్బిలాల్ని కాపాడే ఒకావిడకి ఫోన్ చేస్తే, "ముట్టుకోకండి, ఎండ పడకుండా చూడండి చాలు" అన్నారు. వాటి కాటుతో రేబిస్‌లాంటి జబ్బులు సోకచ్చు, టీకాలు వేయించుకున్నవాళ్లే పట్టుకోవాలి. ఆవిడ మందపాటి తొడుగులు వేసుకుని, తువ్వాలు చుట్టి, గబ్బిలాన్ని వల్లోంచి తియ్యకుండా చుట్టూ వలనే కత్తిరించి తీసుకెళ్లారు. దారం బిగిసినచోట నెత్తురాడక పొర చచ్చిపోతుందట, అది కొన్నిరోజులకిగానీ బయటపడదట. బాగానే ఉందనుకుని అప్పుడే వదిలేస్తే ఎగరలేక ఎక్కడో పడి చస్తుంది.

ఆ వారమంతా వీటి గురించే చదివాను. ఈ పెద్ద పండ్ల గబ్బిలాలు మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. అది చదివాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ ప్రాంతంలో ఎండ 42 డిగ్రీలు దాటితే, కళ్ల చుట్టూ కళ్లజోడులాంటి మచ్చలుండే గబ్బిలాలు సుమారు 23,000 రాలిపోయాయి. ఏడాదికొక్క పిల్లతో ఆ లోటు ఎప్పటికి పూడాలి? పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవిలో ఒక పండ్ల గబ్బిలం జాతి 1968 తర్వాత మళ్లీ కనపడనేలేదు. హిందూ మహాసముద్రంలో మారిషస్‌కి చెందిన రోడ్రిగ్స్ దీవిలో మాత్రం 1970లలో వందకి లోపు మిగిలినవి, చెట్లు నాటి కాపాడుకుంటే, ఇప్పుడు 20,000 దాటాయి. చెట్లు కొట్టేసిన ఖాళీ నేల దాటడానికి చాలా పక్షులు జంకుతాయి. గబ్బిలాలు దాని మీదుగానే ఎగురుతూ రెట్టలో గింజలు రాల్చిపోతాయి, అడవి మళ్లీ మొలిచేది అలాగే.

వల వెయ్యద్దని నేననను. కొనేముందు వేలు పెట్టి చూడండి. వేలు దూరిందా, ఆ వల వద్దు. వల కన్ను 5 మిల్లీమీటర్లు మించకూడదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి ఇంటి పండ్లచెట్లకి ఇదే నియమం. వల తెల్లదైతే చీకట్లోనూ వాటికి ఆనుతుంది. వదులుగా వెయ్యకండి, బిగించి కట్టండి. నేనైతే అందినంతవరకు కాయలకి గుడ్డసంచులు కట్టి, పై కొమ్మలు వాటికే వదిలేశాను.

తల్లి రెక్క అంచు కాస్త ఊడిపోయినా పుండు మానింది. మూడు వారాలకి ఒక సాయంత్రం, వాటి గుంపు ఉండే చెట్టు దగ్గరే వదిలారు. పిల్ల చంకలోనే ఉంది.

నిన్న రాత్రి పై కొమ్మల్లో రెక్కల టపటప వినిపించింది. పొద్దున చూస్తే చెట్టు కింద నాలుగు పిప్పి ఉండలు, ఇంకా తడిగా.