ఖుబానీ నానిన నీళ్లు పారబోయకండి

హైదరాబాద్ బేగంబజార్‌లో డ్రైఫ్రూట్ల కొట్ల ముందు ఆప్రికాట్లు రెండు రంగుల్లో కనిపిస్తాయి. గింజ తీసేసి, నారింజ రంగులో మెత్తగా మెరిసేవి గంధకం పొగ పట్టించినవి. గింజతోనే ఎండి, గోధుమ రంగులో ముడతలు పడి గట్టిగా ఉండేవి మనం ఖుబానీ కా మీఠా అనే హైదరాబాదీ తీపి వంటకానికి వాడే ఖుబానీలు. గంధకం వల్ల రంగుతో పాటు బీటా కెరోటిన్ కూడా ఎక్కువ నిలుస్తుంది, నిజమే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు. వాళ్లకు గోధుమ రంగువే మేలు.

గింజ పోగా 100 గ్రాముల ఎండు ఆప్రికాట్‌లో దాదాపు 240 కేలరీలు, 7 గ్రాముల పీచు, 1,160 మిల్లీగ్రాముల పొటాషియం, 2.7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. విటమిన్ సి మాత్రం ఎండేసరికి దాదాపు పోతుంది. చక్కెర 53 గ్రాములు! అందుకే రోజుకు 30 గ్రాములు చాలు. షుగర్ ఉన్నవాళ్లు అది కూడా లెక్కలో వేసుకోవాలి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పించుకున్నవాళ్లు డాక్టర్ని అడగందే ముట్టుకోవద్దు. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది, విరేచనాలవుతాయి. పీచుతో పాటు, విరేచనం చేసే సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం కూడా ఉంటుంది కదా.

ఇంత తీపి పండుకు మళ్లీ పావుకిలో పంచదార పోయడం నాకు నచ్చదు. పావుకిలో ఖుబానీలను గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడగండి, ముడతల్లో దుమ్ము ఉంటుంది. తర్వాత మూడు కప్పుల మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున వేళ్ల మధ్య నొక్కితే గింజ జారి బయటికి రావాలి. రాకపోతే ఇంకో రెండు గంటలు ఆగండి. నీళ్లు తేనె రంగుకు తిరిగి ఉంటాయి. పొటాషియం కొంత అందులోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లలోనే, సన్నని సెగ మీద అరగంట ఉడికించండి. పంచదార వేస్తే రెండు మూడు చెంచాలే, అదీ గుజ్జు పూర్తిగా మెత్తబడ్డాకే. ముందే వేస్తే పండు బిగుసుకుపోయి ఎంతసేపు ఉడికినా మెదగదు. చిక్కబడ్డాక అడుగంటుతుంది, గరిటె ఆపొద్దు. దించాక నిమ్మరసం పిండితే రుచికి రుచి, ఒంటికి ఇనుము పట్టడానికి సాయం. వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. మలై (మీగడ) మీఠా బాగా చల్లారాకే వేయండి, వేడి మీద విరుగుతుంది.

ఇక గింజలు. పగలగొడితే లోపల చిన్న బాదంలాంటి పప్పు ఉంటుంది. తియ్యటి పప్పును మీఠా మీద చల్లుతారు. చేదు పప్పులో అమిగ్డలిన్ ఉంటుంది, కడుపులోకి వెళ్లాక సైనైడ్ విడుదలవుతుంది. చిన్నవైనా మూడు పచ్చి పప్పులు దాటితే పెద్దవాళ్లకే ప్రమాదమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించింది. క్యాన్సర్‌కు మందని వాట్సాప్‌లో తిరిగేది ఈ పప్పు గురించే, నమ్మకండి. సూది మొన అంత ముక్క నాలుకకు తాకించి, చేదైతే ఉమ్మేసి, పప్పు పారేయండి. అనుమానం ఉంటే బాదం చల్లండి. పిల్లల గిన్నెలో అయితే, అనుమానం లేకపోయినా బాదమే.